వాగు దగ్గర ఆగు తల్లీ

తల్లీ,

మంచుకొండల్లో ఎనిమిది రోజులు నడవబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నాలుగు మెట్లెక్కితే ఎత్తుకోమని నా చీర పట్టుకుని ఏడ్చిన పిల్లవి! సంతోషం పట్టలేకపోయాను. రాత్రి మాత్రం నిద్ర రాలేదు.

కొండల మధ్య కనుమ దాటే రోజు గురించే రాస్తున్నాను. చీకటితోనే బయల్దేరు. మధ్యాహ్నం నుంచి పిడుగుల భయం, ఆలోపే కనుమ దిగిపోవాలి. కాటన్ బట్టలు వద్దు, తడిస్తే ఆరవు. 3,000 మీటర్లు దాటాక, ముందు రాత్రి పడుకున్న చోటుకంటే 500 మీటర్లకు మించి పైన పడుకోకు. తలనొప్పితో వాంతులైతే కిందికి దిగిపో.

ఇక వాగు. నీ వయసులో నేనూ ఇలాగే కనుమ దిగి వచ్చాను. సాయంత్రం నాలుగైంది. అవతలి ఒడ్డున గుడారం వేసుకునే చోటు కనిపిస్తోంది. పొద్దున దాటినవాళ్ళు మోకాలి లోతే అన్నారు. పగలంతా కరిగిన మంచు సాయంత్రానికి వాగులోకి చేరుతుందని నాకు తెలుసు. తెలిసే దిగాను. బూడిద రంగు నీళ్ళు, అడుగు కనిపించదు. లోపల రాళ్ళు దొర్లుతుంటే పాదాలకు తెలుస్తోంది. నాలుగో అడుగుకి జారాను. బ్యాగు నడుం బెల్టు పెట్టుకునే ఉన్నాను. బ్యాగు నన్ను బోర్లా తిప్పి నీళ్ళలోకి అదిమేసింది. వేళ్ళు కొయ్యబారి బకిల్ నొక్కలేకపోయాను. బండకి తగిలి ఆగాను కాబట్టి స్నేహితురాలి చేతికి అందాను. మర్నాడు తెల్లవారి చూస్తే మళ్ళీ మోకాలి లోతే. ఆ నీళ్ళను చూస్తూ ఏడ్చాను.

అందుకే సాయంత్రం వాగు ఉరుకుతుంటే ఇవతలే పడుకో. అలా ఆగగలగాలంటే ఒక రోజు తిండి అదనంగా ఉండాలి. బరువని తీసేశావట, ఎవరు చెప్పారు నీకు? మళ్ళీ పెట్టు. పొద్దున్నే, పాయలుగా చీలి వెడల్పుగా పారే చోట, బూట్లతోనే దాటు. కర్ర ఊతగా, ముఖం ప్రవాహానికి ఎదురుగా. దిగకముందే నడుం బెల్టు, ఛాతీ పట్టీ విప్పెయ్యి.

కోప్పడ్డానని అనుకోకమ్మా. వెళ్ళేముందు బ్యాగు పూర్తిగా నింపుకుని ఒకసారి ఇంటికి రా. ఐస్ నీళ్ళలో చేతులు ముంచి తీసి, ఆ బకిల్ ఎంతసేపట్లో విప్పుతావో నా కళ్ళతో చూడాలి.

నీ అత్తయ్య