మడిలో నీళ్లు, గింజలో పాషాణం

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. ఆరు నెలల మనవడికి బియ్యంతో ఉగ్గు చేసి పెట్టమంటే, బియ్యంలో ఆర్సెనిక్ ఉంటుందని ఫోనులోనే కోప్పడింది. మేము బోరు కింద రెండెకరాల వరి వేస్తాము. పురుగుమందు కూడా తక్కువే. ఈ పాషాణం ఎక్కడి నుంచి వస్తుంది? — ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: అమ్మా, మీ అమ్మాయిది ఉత్త భయం కాదు. పసిపిల్లల బియ్యపు ఆహారంలో అకర్బన ఆర్సెనిక్, అంటే ఆర్సెనిక్‌లో ఎక్కువ విషమైన రకం, కిలోకు 100 మైక్రోగ్రాములు మించరాదని అమెరికా ప్రభుత్వం 2020లో హద్దు పెట్టింది. కానీ నేరం పురుగుమందు మీదికి తోసేయకండి. తిరుపతిలో ఏళ్ల తరబడి మట్టి పరీక్షలు చేసినదాన్ని, ఆ తొందరపాటు చాలాసార్లు చూశాను.

ఆర్సెనిక్ రాళ్లలో, మట్టిలో సహజంగానే కొంత ఉంటుంది. మట్టిలోని ఇనుప తుప్పు దాన్ని పట్టి ఉంచుతుంది. వేరుశనగ చేలో అది చాలావరకు కదలదు. వరి సంగతి వేరు. మడిలో అడుగు వేస్తే నల్లటి అడుసు, మురుగు వాసన వస్తుంది కదా, అది గాలి ఆడని మట్టి. అక్కడ సూక్ష్మజీవులు ఆ తుప్పును కరిగిస్తాయి. దాన్ని అంటుకున్న ఆర్సెనిక్ నీళ్లలోకి జారి, ఎక్కువగా ఆర్సెనైట్ అనే రూపంలో ఉంటుంది.

ఇక్కడే వరి మోసపోతుంది. కలుపు తీసేటప్పుడు వరి ఆకు చేతిని కోస్తుంది. ఆ గరుకు సిలికాది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. దాన్ని తోడుకోవడానికి వరి వేళ్లలో ప్రత్యేకమైన ద్వారాలు ఉన్నాయి. కరిగిన సిలికాకూ ఆర్సెనైట్‌కూ పోలిక ఎక్కువ, ద్వారం తేడా పట్టదు. జపాన్‌లోని ఒకాయామా విశ్వవిద్యాలయానికి చెందిన జియాన్ ఫెంగ్ మా బృందం 2008లో ఈ దారిని చూపించింది.

అలాగని వరికి రక్షణే లేదనుకోకండి. ఒక దుబ్బు పీకి కడిగి చూడండి, వేళ్లు ఎర్రగా కనబడతాయి. కాండం గుండా దిగిన గాలి వేరు చుట్టూ ఇనుమును తుప్పు పట్టించిన పూత అది. కొంత ఆర్సెనిక్ అక్కడే చిక్కుకుంటుంది. లోపలికి వెళ్లినదీ ఎక్కువగా వేళ్లలోనే ఆగుతుంది, తర్వాత గడ్డిలో, అన్నిటికన్నా తక్కువ గింజలో. గింజలోనూ తవుడు పొరలోనే ఎక్కువ. దంపుడు బియ్యాన్ని జీవితమంతా మెచ్చుకున్న నాకు ఇది రాయడం ఇష్టం లేదు, కానీ నిజం.

మీ బియ్యంలో ఎంత ఉందన్నది మీ మట్టి, మీ నీరు చెప్పాలి. బెంగాల్‌లో బోరు నీళ్లే ఆర్సెనిక్‌ను మడుల్లోకి తెచ్చాయి. మన వైపు బోరు నీటికి ఫ్లోరైడ్ చూపిస్తాము, ఆర్సెనిక్ చూడమని విడిగా అడగండి. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. మామూలు భూసార పరీక్షలో ఇది ఉండదు.

వంటలో అమ్మమ్మల పద్ధతే మేలు. ఎసట్లో నీళ్లు దండిగా పోసి, గంజి వార్చండి. ఒకటికి ఆరింతల నీళ్లతో వండి వారిస్తే అకర్బన ఆర్సెనిక్ సగం దాకా తగ్గవచ్చు, నీరు మంచిదైతేనే. ఆ గంజిలో ఉప్పు వేసుకుని తాగితే మాత్రం పోయిందంతా మళ్లీ కడుపులోకే. కుక్కర్లో అన్నీ అన్నంలోనే ఉంటాయి. మనవడికి బియ్యం మానిపించనక్కర్లేదు, ఉగ్గు కొన్ని రోజులు రాగులతో చేయమనండి. చిత్తూరు సీమ మనిషికి రాగుల గురించి నేను చెప్పాలా?

ప్రశ్న: మడిని మధ్యమధ్యలో ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గుతుందా? — ఒక రైతు, శ్రీకాళహస్తి

జవాబు: తగ్గుతుంది. గాలి తగిలితే తుప్పు మళ్లీ కట్టి దాన్ని పట్టేస్తుంది. చిల్లుల గొట్టం ఒకటి మడిలో పాతి, నీరు నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు పోయాక మళ్లీ పెట్టండి. పూత సమయంలో మాత్రం నీరు నిలపాలి. మట్టిలో కాడ్మియం అనే మరో విష లోహం ఉన్నచోట ఆరబెడితే అది గింజలోకి ఎక్కువగా వెళ్లగలదు, కాబట్టి ముందు ఆ పరీక్ష కూడా చేయించండి.