నేపాల్ కొండ ఊళ్ళలో ఉచిత దంతవైద్య క్యాంపు: ఏం తీసుకెళ్ళాలి, ఏం చేయాలి, ఏం చేయకూడదు?

బీడీఎస్ అయిన నలుగురు స్నేహితులు కలిసి నేపాల్ కొండ గ్రామాల్లో వారం రోజుల పళ్ళ క్యాంపు పెడదామనుకుంటున్నామని చెప్పి, కరెంటు నమ్మకం లేని చోట ఎంతవరకు చేయగలమని అడిగారు. చాలానే చేయవచ్చు. కానీ సామాను జాబితా రాసుకునే ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీరు తిరిగొచ్చేశాక ఒకరికి దవడ వాచిందనుకోండి, వాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఆ ఊరి హెల్త్ పోస్టులో ఎవరుంటారు, అక్కడికి ఎంతసేపు నడవాలి, పెద్దాసుపత్రి ఏది? ఈ మూడూ తెలిసేదాకా తేదీ ఖాయం చేయకండి.

మనవాళ్ళకి నేపాల్ వెళ్ళడానికి వీసా అక్కర్లేదు కాబట్టి వైద్యం చేయడానికీ ఏ అనుమతీ అక్కర్లేదనుకుంటారు. అది తప్పు. బయటి దేశపు డెంటిస్టులు నేపాల్ మెడికల్ కౌన్సిల్‌లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. స్థానిక సంస్థ ద్వారా నెలల ముందే మొదలుపెట్టండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలకి కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోతాయి. అక్టోబరు, నవంబరుల్లో వాతావరణం బాగుంటుంది కానీ దశైఁ, తిహార్ పండుగలకి బడులు ఉండవు, పిల్లలు దొరకరు. మార్చి, ఏప్రిల్ నయం.

ఇలాంటి క్యాంపుల్లో కుర్చీ దగ్గర కన్నా స్టెరిలైజేషన్ బల్ల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. గిన్నెలో మరగబెడితే బ్యాక్టీరియా స్పోర్లు (వేడిని తట్టుకునే గట్టి రూపాలు) చావవు. పైగా 2000 మీటర్ల ఎత్తులో నీళ్ళు సుమారు 93 డిగ్రీలకే మరుగుతాయి. గ్యాస్ పొయ్యి మీద పెట్టే ఆటోక్లేవే (ఒత్తిడి పెంచిన ఆవిరితో పరికరాల్ని శుద్ధి చేసే పాత్ర) కావాలి, దానికి ప్రెషర్ గేజ్ ఉండాలి. కింద మైదానంలో 15 పీఎస్ఐ (గేజ్ చూపే ఒత్తిడి కొలత) దగ్గర 121 డిగ్రీలొస్తే, కొండ మీద అదే 15కి అంత వేడి రాదు. ప్రతి వెయ్యి అడుగులకి అర పీఎస్ఐ చొప్పున పెంచాలి, అంటే 2000 మీటర్ల దగ్గర 18కి కాస్త పైన. మీ పరికరం అంత ఒత్తిడి తట్టుకునేదో కాదో కొనే ముందే చూసుకోండి. ఆవిరి గట్టిగా, ఎడతెగకుండా వచ్చేదాకా వాల్వు తెరిచే ఉంచి లోపలి గాలిని బయటికి పంపండి. గాలి మిగిలితే గేజ్ ముల్లు సరిగ్గానే చూపిస్తుంది, వేడి మాత్రం చాలదు. చుట్టిన పొట్లాలకి 30 నిముషాలు. పొట్లానికి అతికించే ఆటోక్లేవ్ టేపు మీద గీతలు నల్లబడ్డాయంటే వేడి తగిలిందనే, సూక్ష్మజీవులు చచ్చాయని కాదు. బయల్దేరే ముందు ఒకసారి, అక్కడికి చేరాక ఒకసారి స్పోర్ స్ట్రిప్‌తో (స్పోర్లు చచ్చాయో లేదో తేల్చే పట్టీ) పరీక్షించండి. కడగడం, ఆరబెట్టడం, చల్లారడం అన్నీ కలిపితే ఒక వాయికి గంట దాటుతుంది. అందుకే కుర్చీకి కనీసం 15 ఎక్స్‌ట్రాక్షన్ (పళ్ళు పీకే) సెట్లు పెట్టుకోండి. సెట్లు తక్కువై బయట జనం బారులు తీరినప్పుడే ఎవరో ఒకరికి ‘స్పిరిట్‌తో తుడిచేద్దాం’ అనిపిస్తుంది.

పుచ్చు పళ్ళకి డ్రిల్లు లేకుండానే పని జరుగుతుంది. టాంజానియాలో 1980ల్లో రూపుదిద్దుకున్న ఏఆర్‌టీ (అట్రామాటిక్ రెస్టరేటివ్ ట్రీట్‌మెంట్) పద్ధతి ఇలాంటి చోట్లకే పుట్టింది. మెత్తబడ్డ భాగాన్ని ఎక్స్‌కవేటర్‌తో (చెంచాలాంటి చేతి పరికరం) తీసి, కండిషనర్ (పంటిని శుభ్రం చేసే ద్రవం) 10-15 సెకన్లు రాసి కడిగి, దూది ఉండలతో ఆరబెట్టి, చిక్కటి గ్లాస్ అయనోమర్ సిమెంటు నింపి, వాజలీన్ రాసిన వేలితో అదమాలి. లిక్విడ్ సీసాని ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా పట్టుకుని, బుడగతో వచ్చే తొలి చుక్కని వదిలేయండి. కలిపిన సిమెంటు మెరుస్తున్నప్పుడే పంట్లోకి వెళ్ళాలి. మెరుపు పోతే పారేయండి, అది పంటికి అతుక్కోదు. గంటసేపు ఏమీ నమలొద్దని చెప్పండి.

చిన్నపిల్లల పాలపళ్ళకి 38 శాతం సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ (పుచ్చుని ఆపే పూత మందు) మంచి ఆయుధం. ఒక చుక్క నాలుగైదు పళ్ళకి వస్తుంది. ప్లాస్టిక్ గిన్నెలోనే పోయండి, గాజునీ లోహాన్నీ అది తినేస్తుంది. పుచ్చు నల్లగా మారుతుందని, మందు పూసే ముందే తల్లికి ఫొటోలో చూపించండి. ముందు పళ్ళ విషయంలో ఈ మాట మరీ ముఖ్యం. నరం దాకా వెళ్ళిన పంటికి, రాత్రుళ్ళు దానంతటదే నొప్పి పుట్టే పంటికి ఇది పనికిరాదు.

ఆరేళ్ళకి వచ్చే తొలి శాశ్వత దవడ పన్నుని చాలామంది తల్లిదండ్రులు పాలపన్నే అనుకుంటారు, ‘ఊడిపోయేదేగా, పీకేయండి’ అంటారు. మధ్య గీత నుంచి లెక్కపెట్టండి, ఆరోది అదే. నిలబెట్టగలిగితే నిలబెట్టండి.

ఇక పీకడం. మనం తీసుకెళ్ళేది 30 మి.లీ. లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) వయల్ కాబట్టి రెండు జాగ్రత్తలు. వాడిన సూదిని మళ్ళీ వయల్లో గుచ్చకూడదు. పిల్లలకి బరువు చూసే ఇవ్వాలి: కిలోకి 4.4 మి.గ్రా. అనుకుంటే 20 కిలోల బిడ్డకి 2 శాతం మందు మొత్తం మీద 4.4 మి.లీ. మించకూడదు. రెండు వైపులా ఒకేరోజు చేద్దామనే తొందరలోనే ఈ హద్దు దాటుతుంది. పెద్దలకి బీపీ చూడండి, 180/110 ఉంటే పీకడం వాయిదా వేయండి. రక్తం పల్చబడే మందులు, గుండె వాల్వు ఆపరేషన్ గురించి అడగండి. ఎక్స్‌రే లేదు కాబట్టి కింది జ్ఞానదంతాలు, వంకర వేర్లు ముట్టుకోవద్దు. నాలుక కింద ఉబ్బి, నోరు తెరుచుకోక, మింగలేకపోతున్న మనిషిని అదే పూట జీపెక్కించి ఆసుపత్రికి పంపాలి.

మొద్దుబార్చే మందులో కలిపిన అడ్రినలిన్ ప్రభావం తగ్గాక కొందరికి మళ్ళీ రక్తం వస్తుంది. అప్పటికి వాళ్ళు కొండదారిలో ఉంటారు. కాబట్టి పీకే పనులు మధ్యాహ్నానికే ముగించండి, గాజ్ కరిపించి అరగంట కూర్చోబెట్టి, సాకెట్ (పన్ను పీకిన గుంట) చూశాకే పంపండి. చివరి రోజు పళ్ళు పీకొద్దు, ముందు రోజుల్లో పీకించుకున్నవాళ్ళని చూడటానికే ఉంచండి. ‘ముఖ్ ఖోల్నుహోస్’ అంటే నోరు తెరవండి, ‘టోక్నుహోస్’ అంటే కొరకండి, ‘దుఖ్యో?’ అంటే నొప్పేసిందా? ఈ మూడు మాటలతో చాలా పని నడుస్తుంది.

ఖైనీ వేసేవాళ్ళు ఎక్కువ కాబట్టి ప్రతి పెద్దవాళ్ళకీ బుగ్గ లోపల, నాలుక పక్కలు, దాని అడుగు చూడండి. రెండు వారాలైనా మానని పుండు, ఎర్రటి మచ్చ, మూడు వేళ్ళు పట్టనంతగా బిగిసిన నోరు కనిపిస్తే చీటీ రాసివ్వండి. అనుమానం గట్టిదైతే చిత్వన్ జిల్లా భరత్‌పూర్‌లో బీపీ కోయిరాలా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

మీరు హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ వేయించుకుని యాంటీబాడీ పరీక్ష చేయించుకోండి. మూడో డోసు ఆరో నెలలో పడుతుంది, కాబట్టి ఇప్పుడే మొదలెట్టాలి. సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ మందులు ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. అవి దగ్గర్లో ఎక్కడ దొరుకుతాయో ముందే కనుక్కోండి.

వచ్చేటప్పుడు రిజిస్టరు నకలు ఒకటి హెల్త్ పోస్టులో ఇవ్వండి. ఎవరికి ఏ పన్ను పీకారు, ఏ మందు ఇచ్చారు, సిల్వర్ ఫ్లోరైడ్ రాసిన పిల్లల్లో ఆరు నెలలకి ఎవరిని మళ్ళీ చూడాలి అన్నీ అందులో ఉండాలి. మిగిలిన మందుల్లో గడువు ఏడాదైనా లేనివి అక్కడ వదిలేయకండి, వెనక్కి తెచ్చుకోండి.