ఆ రాత్రి కారులో కూర్చున్న మనిషి

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. 2020 ఏప్రిల్‌లో ఆరేళ్ల మా పాపకు కడుపునొప్పి వచ్చింది. ఆస్పత్రికి వెళితే కరోనా అంటుకుంటుందని రెండు రోజులు వాము నీళ్లు పట్టి ఇంట్లోనే ఉంచాను. అపెండిక్స్ పగిలింది. ఆపరేషన్‌కు నన్నొక్కదాన్నే లోపలికి రానిచ్చారు, మావారు బయట కారులోనే ఉన్నారు. పాప కోలుకుంది. కానీ ఏ గొడవ వచ్చినా ఆయన ‘అప్పుడు నీవల్లే’ అంటారు. నేనేమో కాస్త జ్వరానికే అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెడుతున్నాను. నా ముఖం చూసి పాప బెదిరిపోతోంది.

జవాబు: అప్పట్లో న్యూయార్క్ తర్వాత ఎక్కువ కేసులున్న రాష్ట్రం మీది. ఆ భయం మీ ఒక్కరిదే కాదు. 2020 మార్చి 29 నుంచి ఏప్రిల్ 25 వరకు అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చిన పదేళ్లలోపు పిల్లల సంఖ్య, అంతకుముందు ఏడాదితో పోలిస్తే 72 శాతం పడిపోయిందని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కగట్టింది. బడులు మూతపడి జలుబులు, ఆటల్లో దెబ్బలు తగ్గడం అందుకు ఒక కారణం. అపెండిక్స్ నొప్పి మాత్రం బడి మూశారని ఆగదు కదా! పగిలిన అపెండిక్స్‌తో వచ్చే పిల్లలు పెరిగారని పలు దేశాల వైద్యులు అప్పట్లో రాశారు. పైగా చిన్నపిల్లలు నొప్పి ఎక్కడో సరిగా చూపించలేరు. మామూలు రోజుల్లోనూ ఇది ఆలస్యంగా బయటపడుతుంది.

ఆ రెండు రోజులూ మీవారు కూడా అదే ఇంట్లో ఉన్నారు. నింద మీ ఒక్కరి మీదే వేయడం అన్యాయం, ఆ మాట ఆయనతో నేరుగా చెప్పండి. అయితే నాకు మరో సంగతి తోస్తోంది. మీరు కనీసం పాప చేయి పట్టుకుని ఉన్నారు. ఆయనకు ఆ రాత్రి ఫోను తప్ప మరేమీ లేదు. గొడవ లేని ఒక సాయంత్రం, ‘కారులో ఒక్కరే కూర్చుని ఏమనుకున్నారు?’ అని అడగండి. ఆయన చెప్పేదాకా ఆగండి.

ఇక అర్ధరాత్రి పరుగులు. పాప ఊపిరికి కష్టపడుతున్నా, మత్తుగా పడి లేపినా లేవకున్నా, ఫిట్స్ వచ్చినా 911కు ఫోన్ చేయండి. కడుపునొప్పి కుడివైపు కిందకు దిగి నడవలేకపోతున్నా, నీళ్లు కూడా కడుపులో నిలవకున్నా వెంటనే బయలుదేరండి. జ్వరం ఉన్నా ఆడుకుంటూ, తాగుతూ ఉంటే ముందు మీ పిల్లల డాక్టరు క్లినిక్‌కు ఫోన్ చేయండి. రాత్రివేళ కూడా సలహా చెప్పే ఏర్పాటు చాలా క్లినిక్‌లలో ఉంటుంది. ఇలా చేస్తున్నా మీ గుండెదడ తగ్గకపోతే సైకాలజిస్టును కలవండి, ఆరేళ్లుగా మోస్తున్న భయం అది.

పొట్ట మీది మచ్చ గురించి పాప అడిగితే, మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని చెప్పండి.