బరువు తేడా ఉన్న బాక్సర్లలో ఎవరు గొప్ప?

ప్రశ్న: మహమ్మద్ అలీతో తలపడితే షుగర్ రే రాబిన్సన్ ఓడిపోతాడని ఎవరైనా చెప్పగలరు. అయినా చాలామంది విశ్లేషకులు రాబిన్సన్‌నే అత్యుత్తమ బాక్సర్ అంటారు. ఇందులో న్యాయం ఉందా? ఎనిమిది బరువు విభాగాల్లో టైటిళ్లు గెలిచిన మానీ పాకియావ్ వీరిద్దరికంటే గొప్పవాడు కాడా?

జవాబు: ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే ఎవరు గెలుస్తారన్న ప్రశ్నకు జవాబు ముందే తెలుసు కాబట్టే బాక్సింగ్‌లో బరువు విభాగాలు ఏర్పడ్డాయి. నైపుణ్యం సమానంగా ఉన్నప్పుడు ముప్ఫై, నలభై పౌండ్ల తేడాను చిన్నవాడు తట్టుకోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి గొప్పతనాన్ని వేరే విధంగా తూచాలి. నేను రెండు విషయాలు చూస్తాను. తన బరువులో ఉన్న మేటి బాక్సర్లను అతను ఎంత స్పష్టంగా ఓడించాడన్నది మొదటిది. తనకంటే బరువైన మంచి బాక్సర్లతో బరిలోకి దిగినప్పుడు ఏం చేశాడన్నది రెండోది. ఈ రెండోదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే ఊహతో పని లేకుండా బరువుల మధ్య పోలికకు దొరికే ప్రత్యక్ష సాక్ష్యం అదొక్కటే.

రాబిన్సన్ విషయంలో ఆ సాక్ష్యం పుష్కలంగా ఉంది. 1943 ఫిబ్రవరిలో తనకంటే సుమారు 16 పౌండ్లు ఎక్కువ ఉన్న జేక్ లమోటా చేతిలో ఆయన ఓడిపోయాడు. మూడు వారాలకే మళ్లీ అతనితోనే తలపడి గెలిచాడు. వారిద్దరి మధ్య జరిగిన ఆరు పోటీల్లో ఐదు రాబిన్సన్‌వే. 1951లో రాండీ టర్పిన్ ఓడించేవరకు ఆయన వృత్తి జీవితంలో లమోటా చేతిలో ఎదురైన ఆ ఒక్క ఓటమి తప్ప మరొకటి లేదు. వెల్టర్‌వెయిట్ (147 పౌండ్ల వరకు) టైటిల్ ఒకసారి, మిడిల్‌వెయిట్ (160 పౌండ్ల వరకు) టైటిల్ ఐదుసార్లు గెలుచుకున్నాడు.

నా దృష్టిలో ఆయన ఓడిపోయిన మరొక పోటీ ఇంకా ఎక్కువ చెబుతుంది. 1952 జూన్ 25న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో లైట్ హెవీవెయిట్ (175 పౌండ్ల వరకు) ఛాంపియన్ జోయీ మాక్సిమ్‌ను ఎదుర్కొన్నప్పుడు రాబిన్సన్ బరువు 157 పౌండ్ల పైచిలుకు, మాక్సిమ్ బరువు 173. బరి పక్కన ఉష్ణోగ్రత 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది. ఆ వేడికి రెఫరీయే సొమ్మసిల్లే స్థితికి వచ్చి, పదో రౌండ్ తర్వాత తప్పుకుంటే వేరొకరిని దించవలసి వచ్చింది. స్కోరు వేసిన ముగ్గురి లెక్కల్లోనూ రాబిన్సన్ ముందున్నాడు. పదమూడో రౌండ్‌లో విసిరిన ఒక గుద్దు గురి తప్పడంతో ఆ ఊపుకు తానే బోర్లా పడిపోయాడు, పద్నాలుగో రౌండ్‌కు లేవలేకపోయాడు. ఓటమి ఓటమే, అయినా పదిహేను పౌండ్లు ఎక్కువ ఉన్న ఛాంపియన్ మీద అంత ఎక్కువ రౌండ్లపాటు పైచేయి సాధించిన బాక్సర్లు చాలా అరుదు.

అలీకి ఇలాంటి పరీక్ష ఎదురుకాలేదు, అది ఆయన లోపమూ కాదు. ఆయన పోటీపడిన హెవీవెయిట్ అన్నిటికంటే బరువైన విభాగం, దానికి పైన మరొకటి లేదు. మొదటి కొలతలో మాత్రం ఆయనకు సాటి రాగలవారు కొద్దిమందే. జో ఫ్రేజియర్‌నూ, కెన్ నార్టన్‌నూ రెండేసి రౌండ్లలోనే ముగించిన జార్జ్ ఫోర్‌మన్‌ను 1974లో కిన్షాసాలో ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్ చేయడం ఒక్కటే చాలు. నా జాబితాలో రాబిన్సన్ మొదటివాడు, మూడు విభాగాల టైటిళ్లను ఒకేసారి చేతిలో ఉంచుకున్న హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ రెండోవాడు, వారి వెనకనే అలీ.

ఇక పాకియావ్ విషయానికి వస్తే, ఎనిమిది అన్న అంకె దగ్గరే ఆగిపోకూడదు. 1938లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఫెదర్‌వెయిట్ (126 పౌండ్ల వరకు), లైట్‌వెయిట్ (135 పౌండ్ల వరకు), వెల్టర్‌వెయిట్ టైటిళ్లను ఒకేసారి చేతిలో ఉంచుకున్నప్పుడు అందరూ గుర్తించిన విభాగాలు ఎనిమిదే. ఇప్పుడు పదిహేడు ఉన్నాయి, వాటికి టైటిళ్లు ఇచ్చే ప్రధాన సంస్థలు నాలుగు. ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన 126 నుంచి 147 పౌండ్ల మధ్యే నేడు ఐదు విభాగాలున్నాయి. పైగా ఇప్పుడు బరువు చూసేది పోటీకి ముందురోజు కాబట్టి, ఒంట్లోని నీటిని తగ్గించుకుని తూకానికి నిలబడినవాడు మర్నాటికి ఎంతో బరువు పుంజుకుంటాడు. అందుకే టైటిళ్లు లెక్కపెట్టడంకంటే 2010లో పాకియావ్ ఆంటోనియో మార్గరిటోను ఓడించిన తీరు చూడాలి. ఆ రాత్రి మార్గరిటో అతనికంటే 17 పౌండ్లు ఎక్కువగా ఉన్నాడు. అంతకు పన్నెండేళ్ల ముందు 112 పౌండ్ల టైటిల్ గెలిచిన మనిషి, అంత పెద్దవాడి కంటి చుట్టూ ఉన్న ఎముక విరిగేలా కొట్టి గెలిచాడు. ఈ పోటీ ఒక్కటే రెండు మూడు టైటిళ్ల పెట్టు.

ప్రశ్న: అలాగైతే ఒకే విభాగంలో ఉండిపోయినవారు తక్కువవారేనా?

జవాబు: కానే కారు. మార్విన్ హాగ్లర్ 1980 నుంచి 1987 వరకు మిడిల్‌వెయిట్ టైటిల్‌ను నిలబెట్టుకున్నాడు. తన మీదికి వచ్చిన రాబర్టో డ్యురాన్‌నూ, థామస్ హర్న్స్‌నూ అక్కడే ఓడించాడు. అన్నిటికంటే తేలికైన 105 పౌండ్ల విభాగంలో దాదాపు దశాబ్దం పాటు ఛాంపియన్‌గా ఉన్న రికార్డో లోపెజ్, 1999లో ఒక మెట్టు పైకెక్కి 108 పౌండ్లలోనూ టైటిల్ గెలిచి, ఒక్క డ్రా తప్ప మచ్చ లేకుండా, ఓటమి ఎరగకుండా రిటైరయ్యాడు. గుద్దు విసిరిన వెంటనే చేయి గడ్డం దగ్గరికి తిరిగి రావడం, కాళ్ల మధ్య ఎడం చెదరకపోవడం వంటి మూలసూత్రాలను అంత శుద్ధంగా పాటించినవారు పెద్ద బరువుల్లోనూ అరుదు. చిన్న బరువుల పోటీలను చూసేవారు తక్కువన్న కారణంతో అతన్ని పక్కన పెట్టే జాబితాలను నేను ఒప్పుకోను.