డిసెంబరు చివర్లో వెచ్చటి తీరం, ఇద్దరు పిల్లలు

డిసెంబరు చివర్లో పిల్లలతో వెచ్చటి సముద్రతీరానికి ఎక్కడికి వెళ్లాలని అడిగారు. వారం సెలవు, పదిహేనేళ్ల అమ్మాయి, పదకొండేళ్ల అబ్బాయి; రెండో రోజుకే విసుగెత్తి ఫోన్లకు అతుక్కుపోతారని మీ భయం. అంతేనా అండీ?

చోటు వెతికేటప్పుడు ఎండ ఒక్కటే కాదు, నీటి వేడి, వాన కూడా చూడండి. స్పెయిన్‌కు చెందిన కేనరీ దీవుల్లో పగలు హాయిగానే ఉంటుంది కానీ సముద్రం ఇరవై డిగ్రీల దగ్గరే, అంటే ఒళ్లు జలదరిస్తుంది. థాయిలాండ్‌లో తూర్పున ఉన్న కో సముయి దీవి వైపు నవంబరు, డిసెంబరు వానాకాలం. పడమటి తీరాన ఫుకెట్, క్రాబీ అప్పుడే పొడిగా ఉంటాయి. నేనైతే క్రాబీయే అంటాను.

విసుగుకు నా మందు స్కూబా డైవింగ్. పదేళ్లు నిండితే PADI అనే డైవింగ్ శిక్షణ సంస్థ జూనియర్ కోర్సులో చేరవచ్చు. మీ అబ్బాయికి 12 మీటర్ల లోతు వరకే అనుమతి, అమ్మాయికి 18. మా పెద్దవాడు మొదటిరోజు రాత్రి వాష్‌బేసిన్‌లో ముఖం ముంచి, మాస్కులో చేరిన నీటిని ముక్కుతో ఊది బయటికి పంపడం సాధన చేశాడు. ఫోను మంచం మీద అలాగే పడి ఉంది!

కోర్సు వారం మొదట్లోనే పెట్టుకోండి. డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు; ఆఖరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి.

అన్నట్టు, తిరుగు ప్రయాణంలోపు అబ్బాయికి 12 నిండుతాయేమో చూసుకోండి. నిండితే సాధారణంగా విమానంలో పెద్దల టికెట్టే.