షుగర్ ఉన్నవారికి భుజం పట్టేస్తే స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 52. తొమ్మిదేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నాను. ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.4 వచ్చింది. నాలుగు నెలలుగా ఎడమ భుజం నొప్పి. దెబ్బేమీ తగల్లేదు. రాత్రి ఆ పక్కకు తిరిగితే మెలకువ వచ్చేస్తోంది. జడ వేసుకోలేకపోతున్నా, వెనక్కి చేయి పోవడం లేదు. ఎక్స్‌రే బాగానే ఉంది. ఒక డాక్టర్ ఎంఆర్ఐ తీయించి ఆపరేషన్ చేయాలన్నారు. మరొకరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చాలన్నారు. షుగర్ ఉంటే ఆ ఇంజెక్షన్ వద్దని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. రెండు వారాలుగా నూనె మర్దన చేయించి చేయి పైకి లాగిస్తుంటే నొప్పి ఇంకా పెరిగింది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ లాగించడం ఈరోజే ఆపేయండి. నొప్పి పెరిగింది దానివల్లే.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది ఫ్రోజెన్ షోల్డర్. భుజం కీలు చుట్టూ సంచిలా ఒక పొర ఉంటుంది. ఈ జబ్బులో ఆ పొర వాచి, మందమై, ముడుచుకుపోతుంది. ఎముకలకు ఏమీ కాదు కాబట్టి ఎక్స్‌రే మామూలుగానే వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఇది మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. రక్తంలో మిగిలిపోయిన గ్లూకోజు ఏళ్ల తరబడి ఆ పొరలోని కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులకు అంటుకుని వాటిని బిరుసెక్కించడం అందుకు ఒక కారణం. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి చూడండి. వేళ్లు ఒకదానికొకటి పూర్తిగా ఆనకుండా సందు మిగిలితే చేతి కీళ్లలోనూ బిగుతు మొదలైనట్టే. అలా ఉంటే కళ్లు, కిడ్నీల పరీక్షలు వాయిదా వేయకండి. థైరాయిడ్ తేడా ఉన్నా భుజం పట్టేస్తుంది, కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష కూడా చేయించండి.

దీన్ని తేల్చుకోవడానికి ఎంఆర్ఐ కంటే చేతితో చేసే పరీక్షే ముఖ్యం. మోచేతిని మడిచి పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని బయటివైపు తిప్పండి. కుడిచేయి తేలిగ్గా పోయినంత దూరం ఎడమది పోదు. ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా అదే చేతిని మెల్లగా తిప్పమనండి. మీరు తిప్పినా వాళ్లు తిప్పినా ఒకేచోట ఆగిపోతే పొర బిగుసుకున్నట్టు. టెండన్ (కండరాన్ని ఎముకకు అతికించే పట్టీ) చిరిగినప్పుడు ఇలా ఉండదు. మీ అంతట మీరు చేయి ఎత్తలేకపోయినా, వేరొకరు ఎత్తితే లేస్తుంది. అలాంటి అనుమానం ఉంటేనే ఎంఆర్ఐ అవసరం.

ఈ జబ్బు మొదటి కొన్ని నెలలు నొప్పితో, తర్వాత నొప్పి తగ్గి బిగుతుతో, ఆపై నెమ్మదిగా వదులవుతూ సాగుతుంది. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టవచ్చు. రాత్రి నొప్పి ఇంకా తగ్గలేదంటే మీరు మొదటి దశలోనే ఉన్నారు. వాపు ఎక్కువగా ఉండే ఈ దశలోనే ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. బిగుతు మాత్రమే మిగిలాక దానివల్ల అంత ఫలితం ఉండదు.

షుగర్ ఉన్నా ఇంజెక్షన్ తీసుకోవచ్చు. సాధారణంగా 40 మిల్లీగ్రాముల ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్‌ను, ఆ చోటును మాత్రమే మొద్దుబార్చే మత్తుమందుతో కలిపి కీలులోకి ఇస్తారు. మర్నాటి నుంచే షుగర్ పెరుగుతుంది, దాదాపు వారం వరకూ ఆ ప్రభావం ఉండొచ్చు. అందుకే ముందుగా మీ షుగర్ డాక్టర్‌తో మాట్లాడి, ఆ వారం మందుల మోతాదు ఎలా మార్చుకోవాలో రాయించుకోండి. ఇంట్లో గ్లూకోమీటర్‌తో రోజుకు మూడు నాలుగుసార్లు చూసుకోండి. 300 దాటి తగ్గకపోతే వెంటనే ఫోన్ చేయండి. తియ్యటి పదార్థాలు, పండ్ల రసాలు ఆ వారం ముట్టకండి. భుజం మీద పుండో, ఒంట్లో జ్వరమో ఉంటే ఇంజెక్షన్ వాయిదా వేయాల్సిందే.

మెడికల్ షాపులో కొని నెలల తరబడి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మింగడం మీకు ఇంజెక్షన్ కంటే ప్రమాదం. షుగర్ వల్ల కిడ్నీల మీద ఇప్పటికే భారం ఉంటుంది. కిడ్నీల పనితీరు చెప్పే పరీక్షలు, అంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూడకుండా వాటిని వాడకూడదు. లివర్ జబ్బు లేకపోతే పారాసిటమాల్ 650 మాత్ర రోజుకు మూడు దాకా వేసుకోవచ్చు.

ఇంజెక్షన్ తర్వాత నొప్పి తగ్గగానే వ్యాయామం మొదలుపెట్టాలి. చాలామంది నొప్పి పోయింది కదా అని ఇక్కడే ఆగిపోతారు. ముందు పది నిమిషాలు వేడి కాపడం పెట్టండి. షుగర్‌తో చర్మం స్పర్శ తగ్గి ఉండొచ్చు కాబట్టి ఆ వేడిని మొదట ఇంట్లో వేరొకరిని ముట్టి చూడమనండి. తర్వాత కుడిచేయి టేబుల్ మీద ఆనించి ముందుకు వంగి, ఎడమచేతిని వేలాడదీసి చిన్న సున్నాలు చుట్టండి, అటు పది ఇటు పది. ఆపైన వెల్లకిలా పడుకుని, ఎడమ మోచేయి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, రెండు చేతులతో ఒక కర్ర పట్టుకోండి. కుడిచేత్తో కర్రను నెడుతూ ఎడమ ముంజేతిని బయటికి తిప్పి, పట్టినట్టు అనిపించిన చోట ఇరవై సెకన్లు ఆపండి. ఇలా ఐదుసార్లు చేయండి. ఇదంతా రోజుకు రెండుమూడు పూటలు. గోడ మీద వేళ్లను పైకి పాకిస్తూ చేయి ఎత్తే వ్యాయామం చేసేటప్పుడు అద్దంలో చూసుకోండి. భుజం చెవివైపు లేస్తుంటే చేయి ఎత్తుతున్నది కీలు కాదు, రెక్క ఎముక. అప్పుడు అక్కడే ఆగండి. వ్యాయామం చేశాక నొప్పి అరగంటలో సర్దుకోవాలి. ఆ రాత్రి నిద్ర చెడితే మర్నాడు సగానికి తగ్గించండి. వీపు వెనక తువ్వాలు పట్టి లాగే వ్యాయామం ఇప్పుడే వద్దు.

పడుకునేటప్పుడు కుడివైపు తిరిగి, ఛాతీకి దిండు ఆనించి దాని మీద ఎడమచేయి పెట్టుకోండి. జాకెట్టు తొడిగేటప్పుడు ముందు ఎడమచేయి, విప్పేటప్పుడు చివర్లో ఎడమచేయి. చేతిని స్లింగ్‌లో (మెడకు తగిలించే పట్టీలో) వేలాడదీయకండి, కదలని కీలు మరింత బిగుస్తుంది.

ఆపరేషన్ గురించి ఇప్పుడే ఆలోచించనక్కర్లేదు. ఆరునెలలు సరిగ్గా చికిత్స చేసినా చేయి వదులవకపోతే, చిన్న రంధ్రాల ద్వారా పొరను కోసి వదులుచేస్తారు. ఆపరేషన్ మర్నాటి నుంచే ఫిజియోథెరపీ చేయకపోతే మళ్లీ పట్టేస్తుంది. హెచ్‌బీఏ1సీ తగ్గించుకోవడం అప్పటికీ ఇప్పటికీ అవసరమే.

ఒక్క జాగ్రత్త. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో ఎడమ భుజం నొప్పి వచ్చి, ఆగితే తగ్గుతున్నా, నొప్పికి చెమట, ఆయాసం తోడైనా అది గుండెది కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. భుజం ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, మెడ నుంచి వేళ్ల దాకా తిమ్మిరి పాకినా ఇంటి వ్యాయామాలతో కాలం గడపకుండా అదేరోజు డాక్టర్‌కు చూపించుకోండి.