ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోయేదెలా? అమెరికా ప్రెసిడెంట్ల మీద మీ ప్రశ్నలు

అమెరికా ఎన్నికల మీద ఏదైనా అడగండి అన్నాం, చాలానే వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే కాబట్టి దాంతోనే మొదలుపెడుతున్నా.

ప్రశ్న: అక్కడ ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు కూడా ఓడిపోతారట, ఇదేం లెక్కండీ? ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కట్లేదు.

జవాబు: జనం అక్కడ ప్రెసిడెంట్‌ని నేరుగా ఎన్నుకోరండీ, తికమకంతా అక్కడే. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు ఉంటుంది గానీ ఆ ఓటు పోయేది ఆయన తరఫున నిలబడ్డ ఎలక్టర్లకి. ఒక రాష్ట్రానికి హౌస్‌లో (మన లోక్‌సభ లాంటి దిగువ సభ) ఎంతమంది సభ్యులుంటే అంతమంది, పైన ఇద్దరు సెనేటర్ల (ఎగువ సభ సభ్యుల) లెక్కన ఇంకో ఇద్దరు, అలా ఎలక్టర్లని ఇస్తారు. రాజధాని వాషింగ్టన్‌కి ఇచ్చిన 3 కూడా కలిపితే మొత్తం 538, గెలవాలంటే 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా అన్నిచోట్లా ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టర్లు మొత్తం ఆ అభ్యర్థికే పోతారు. అంటే మెజారిటీ ఎంతొచ్చింది అన్నది కాదు, ఎక్కడొచ్చింది అన్నదే ముఖ్యం.

2016నే చూడండి, హిల్లరీ క్లింటన్‌కి ఒక్క కాలిఫోర్నియాలోనే 42 లక్షలకి పైగా మెజారిటీ, దేశం మొత్తం మీద చూసినా ట్రంప్ కంటే 28 లక్షల పైన ఎక్కువే, అయినా మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా ఈ మూడూ కలిపి 80 వేల లోపు తేడాతో పోయేసరికి ప్రెసిడెంట్ పదవి కూడా పోయింది. 2000లో ఆల్ గోర్‌ది ఇంకా దారుణం, దేశంలో 5 లక్షల పైన ఎక్కువ ఓట్లు, ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా, రీకౌంటింగ్ సగంలో ఉండగా సుప్రీంకోర్టు ఆపేసింది, బుష్ గెలిచాడు.

నన్నడిగితే 1876 ఎన్నికతో పోలిస్తే ఇవేవీ గొడవలే కావు. టిల్డెన్ అనే అభ్యర్థికి జనం ఓట్లు ఎక్కువ, ఎలక్టర్లు 184, ఒక్కటంటే ఒక్కటి తక్కువ. ఇంకో 20 మీద తగాదా. కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) 15 మందితో కమిషన్ వేస్తే ప్రతి తగాదాలోనూ 8-7 తేడాతో తీర్పు ప్రత్యర్థి హేస్ వైపే వచ్చి, ఆ 20 ఆయనకే పోయి, 185-184తో ఆయన గెలిచినట్టు ప్రకటించారు, అదీ ప్రమాణ స్వీకారం గడువుకి రెండు రోజుల ముందు. ఆ సర్దుబాటులో భాగంగానే దక్షిణాది రాజకీయాల్లోంచి కేంద్ర సైన్యాన్ని వెనక్కి తీశారు. దాంతో అక్కడి నల్లజాతివాళ్ళకి కొత్తగా వచ్చిన ఓటు హక్కు దశాబ్దాలపాటు కాగితం మీదే ఉండిపోయింది. ప్రెసిడెంట్ కుర్చీ ఒకరికి దక్కింది, దాని ఖరీదు వేరేవాళ్ళు కట్టారు. 1888లో కూడా క్లీవ్‌లాండ్ ఇలాగే ఎక్కువ ఓట్లు తెచ్చుకుని బెంజమిన్ హారిసన్ చేతిలో ఓడిపోయాడు.

ప్రశ్న: మరి ఆ ఎలక్టర్లు మాట తప్పి వేరేవాళ్ళకి ఓటేస్తే?

జవాబు: వేశారు కూడా. 2016లో ఏడుగురు అలా చేశారు, అందులో ముగ్గురు అసలు పోటీలోనే లేని కోలిన్ పావెల్‌కి వేశారు. ఫలితం మారలేదనుకోండి. ఎలక్టర్ల మెడలు వంచే హక్కు రాష్ట్రాలకి ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి ఇప్పుడు అంత తేలిక కాదు. ఇంకో విచిత్రం 1872ది, హొరేస్ గ్రీలీ అనే అభ్యర్థి జనం ఓటేశాక, ఎలక్టర్లు ఓటేయకముందు చనిపోయాడు. ఆయన ఎలక్టర్లలో ముగ్గురు పట్టుబట్టి చనిపోయిన మనిషికే వేస్తే కాంగ్రెస్ అవి లెక్కలోకి తీసుకోలేదు.

ప్రశ్న: ఇద్దరికీ సరిసమానంగా 269 చొప్పున వస్తే టాస్ వేస్తారా సార్?

జవాబు: టాస్ వేసినా కొంచెం న్యాయంగా ఉండేదేమో. ఎవరికీ మెజారిటీ రాకపోతే హౌస్ ఎన్నుకుంటుంది, అక్కడ సభ్యుడికో ఓటు కాదు, రాష్ట్రానికో ఓటు. దాదాపు 4 కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకీ ఒకటే, 6 లక్షలు కూడా లేని వయోమింగ్‌కీ ఒకటే, 26 వచ్చినవాళ్ళు గెలిచినట్టు. వైస్ ప్రెసిడెంట్‌ని మాత్రం సెనేట్ ఎన్నుకుంటుంది, అంటే ప్రెసిడెంట్ ఒక పార్టీ, వైస్ ప్రెసిడెంట్ ఇంకో పార్టీ అయ్యే అవకాశం కూడా లేకపోలేదు.

ఈ రూల్ వాడాల్సి కూడా వచ్చింది. 1800లో ఒక్కో ఎలక్టర్‌కి రెండు ఓట్లుండేవి, ఏది ప్రెసిడెంట్‌కో ఏది వైస్ ప్రెసిడెంట్‌కో విడిగా రాసేవాళ్ళు కాదు. దాంతో ఒకే పార్టీవాళ్ళైన జెఫర్సన్‌కీ ఆరన్ బర్‌కీ చెరి 73 వచ్చి కూర్చున్నాయి. బర్ పక్కకి తప్పుకుంటే అయిపోయేది, తప్పుకోలేదు. హౌస్‌లో ఓటింగ్ మీద ఓటింగ్, 36వ సారికి గానీ జెఫర్సన్ గెలవలేదు. జెఫర్సన్ అంటే పడని అలెగ్జాండర్ హామిల్టన్ కూడా బర్ కంటే ఇతనే నయమని అందరికీ ఉత్తరాలు రాశాడు. ఆ హామిల్టన్‌నే 1804లో వైస్ ప్రెసిడెంట్‌గా ఉంటూనే బర్ తుపాకుల ద్వంద్వయుద్ధంలో కాల్చి చంపాడు (ఆ గొడవ వేరే, న్యూయార్క్ గవర్నర్ ఎన్నిక దగ్గర ముదిరింది). రెండు పదవులకీ ఓట్లు విడివిడిగా వెయ్యాలని రాజ్యాంగానికి 12వ సవరణ వచ్చింది ఆ ఏడాదే. అమెరికా రూల్స్‌లో చాలా వాటి పుట్టుక ఇలాగే ఉంటుంది, ముందు కొంప మునగాలి, ఆ తర్వాత సవరణ రావాలి.

1824లో మళ్ళీ హౌస్ దాకా వెళ్ళింది. ఆండ్రూ జాక్సన్‌కి 99, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కి 84, మెజారిటీ ఎవరికీ లేదు. పోటీలో వెనకబడ్డ హెన్రీ క్లే అప్పుడు హౌస్ స్పీకర్, ఆయన ఆడమ్స్‌కి సాయం చేశాడు, ఆడమ్స్ గెలవగానే క్లేకి విదేశాంగ మంత్రి పదవి ఇచ్చాడు. లోపల ఒప్పందం జరిగిందో లేదో గానీ జాక్సన్ నాలుగేళ్ళూ అదే మాట పట్టుకుని తిరిగి 1828లో బ్రహ్మాండంగా గెలిచేశాడు.

ప్రశ్న: ఎన్నిక నవంబర్‌లో మంగళవారమే ఎందుకు? గెలిచాక జనవరి 20 దాకా ఆగడం ఎందుకు?

జవాబు: 1845లో చేసిన చట్టం అది, నవంబర్‌లో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం. అప్పటికి కోతలు అయిపోతాయి, మంచు ఇంకా మొదలవదు, ఆదివారం చర్చి, బుధవారం సంత, మధ్యలో గుర్రబ్బండి కట్టుకుని వెళ్ళి ఓటేసి రావడానికి మంగళవారం కుదిరింది అంటారు. ఇప్పుడు గుర్రబ్బండ్లూ లేవు, దేశం మొత్తానికి ఆరోజు సెలవూ లేదు, ఆఫీసు మానుకునో లైన్లో నిలబడో వెయ్యాలి, లేదంటే ముందే వేసేసుకోవాలి.

జనవరి 20 అంటున్నారు, ఒకప్పుడు మార్చి 4 దాకా ఆగేవాళ్ళు. లింకన్ 1860 నవంబర్‌లో గెలిచి మార్చిలో కుర్చీ ఎక్కేలోపు ఏడు రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయామని ప్రకటించేశాయి, పాత ప్రెసిడెంట్ బుకానన్ చూస్తూ కూర్చున్నాడు. 1932లో రూజ్‌వెల్ట్ గెలిచాక కూడా ఆ నాలుగు నెలల్లో బ్యాంకులు వరసపెట్టి మూతపడ్డాయి. 1933లో 20వ సవరణతో మార్చి జనవరి అయింది, మొదట వాడింది 1937లో.

ప్రశ్న: ట్రంప్ 47వ ప్రెసిడెంట్ అంటారు, పోయిన సంచికలో మీరు 45 మందే అన్నారు. ఏది కరెక్ట్?

జవాబు: రెండూ. క్లీవ్‌లాండ్ 22, 24. ట్రంప్ 45, 47. మధ్యలో గ్యాప్ వస్తే కొత్త నంబర్ ఇస్తారు, మనిషి పాతవాడే.

ప్రశ్న: అసలు ఎవరూ ఓటెయ్యకుండా ప్రెసిడెంట్ అయినవాళ్ళున్నారా?

జవాబు: జెరాల్డ్ ఫోర్డ్ ఒక్కడే. 1973లో వైస్ ప్రెసిడెంట్ ఆగ్న్యూ లంచాలు, పన్ను ఎగవేత కేసులో ఇరుక్కుని రాజీనామా చేశాడు, ఆ ఖాళీలో ప్రెసిడెంట్ నిక్సన్ ఫోర్డ్‌ని పెట్టాడు. మరుసటి ఏడాది ఆగస్టు 9న వాటర్‌గేట్ కుంభకోణం దెబ్బకి నిక్సనే వెళ్ళిపోయాడు, ఫోర్డ్ ప్రెసిడెంట్ అయిపోయాడు. తన స్థానంలోకి నెల్సన్ రాక్‌ఫెల్లర్‌ని తెచ్చుకున్నాడు, అంటే కొంతకాలం పై ఇద్దరూ జనం ఎన్నుకోనివాళ్ళే. ఇదంతా 1967లో వచ్చిన 25వ సవరణ పుణ్యం, అంతకుముందు వైస్ ప్రెసిడెంట్ కుర్చీ ఖాళీ అయితే వచ్చే ఎన్నికల దాకా ఖాళీనే.

ప్రశ్న: మా మనవరాలు న్యూజెర్సీలో పుట్టింది, అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు కూడా లేదప్పటికి. ప్రెసిడెంట్ అవ్వొచ్చా?

జవాబు: నిక్షేపంగా అవ్వొచ్చమ్మా. పుట్టుకతో పౌరసత్వం ఉండాలి, 35 ఏళ్ళు నిండాలి, 14 ఏళ్ళు అక్కడ కాపురం ఉండాలి, అంతే. వలస వచ్చిన తల్లిదండ్రులకి ఓక్లాండ్‌లో పుట్టిన కమలా హారిస్ వైస్ ప్రెసిడెంట్ అయ్యారు, ఆ పదవికీ ఇవే అర్హతలు. ఆస్ట్రియాలో పుట్టిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ కాలిఫోర్నియా గవర్నర్ దాకానే వెళ్ళగలిగాడు. పాప ఎన్నో క్లాసో రాయలేదు మీరు.

ప్రశ్న: ప్రమాణం చీఫ్ జస్టిసే చేయించాలా?

జవాబు: రాజ్యాంగంలో ప్రమాణం మాటలున్నాయి గానీ ఎవరు చేయించాలో లేదు. 1923లో ప్రెసిడెంట్ హార్డింగ్ చనిపోయాడని కబురు వచ్చేసరికి వైస్ ప్రెసిడెంట్ కూలిడ్జ్ వెర్మాంట్‌లో నాన్నగారింట్లో ఉన్నాడు. నాన్న నోటరీ, తెల్లవారుజామున 2:47కి కిరసనాయిలు దీపం వెలుగులో కొడుకుచేత ఆయనే ప్రమాణం చేయించాడు. నోటరీ చేయిస్తే చెల్లుతుందా అని అనుమానం వచ్చి తర్వాత వాషింగ్టన్‌లో ఒక జడ్జి దగ్గర మళ్ళీ చేశాడు.

ప్రశ్న: జైల్లో ఉన్నవాళ్ళు పోటీ చెయ్యొచ్చా?

జవాబు: రాజ్యాంగంలో అడ్డు లేదు. సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ మొదటి ప్రపంచ యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడినందుకు పదేళ్ళ శిక్ష పడి, 1920లో అట్లాంటా జైల్లోంచే పోటీ చేశాడు, ప్రచారం బ్యాడ్జీల మీద ఖైదీ నంబర్ 9653 అనే వేసుకున్నారు. 9 లక్షల పైన ఓట్లొచ్చాయి. ఆ ఎన్నికలో గెలిచింది హార్డింగ్, మరుసటి ఏడాది క్రిస్మస్‌కి డెబ్స్ శిక్ష తగ్గించి విడుదల చేసింది కూడా ఆయనే, చేశాక వైట్‌హౌస్‌కి పిలిపించుకుని మాట్లాడి పంపించాడు.